నూనె తలలో ఇసుక

"సూరీడూ! ఒరే సూరీడూ, అయిందేటి? కాగులో నీళ్లు మరిగిపోతన్నాయట. మీ యమ్మ ఫోన్ మీద ఫోన్."

కేక వేసింది ఆసుపత్రి గుమ్మం బయట బండి మీద కూర్చున్న స్నేహితుడు. లోపల అత్యవసర వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు సూరీడు. బుగ్గన చుక్క, చేతుల నిండా నలుగుపిండి, తలనిండా కారుతున్న నూనె. ఛాతీ మీద మాత్రం మానిటర్ తీగలు.

ఊళ్లో పెళ్లిళ్లకి లైట్లు కట్టేది ఇతనే. రేపు రాత్రి ఇతని పెళ్లే. తలంటు నీళ్లు కాగేలోపు పందిరి వెనక ఒక సీరియల్ సెట్టు వెలగడం లేదని కంటపడింది. పెళ్లికొడుకుని చేశాక గడప దాటకూడదని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు. పెరటి దారిన జారుకుని వైరు పట్టుకున్నాడు, షాక్ కొట్టింది. కాసేపటికి స్నేహితుడు వచ్చి చూస్తే, కాలిన బొటనవేలు ఊదుకుంటూ కూర్చుని ఉన్నాడట.

కొత్త హౌస్ సర్జన్ హిమజకి ఈ కథ వింటుంటేనే మనసు పూలపందిరి అయిపోయింది. ఆ అమ్మాయికి గుండె గీతలు చదవడంలో మంచి పేరు. ఆ పేరంటే కాస్త మురిపెం కూడా. ఈసీజీ కాగితం పట్టుకుని గురువుగారి దగ్గరికి పరుగెత్తింది.

అందరూ గురువుగారనే డాక్టర్ సన్యాసిరావు అప్పుడే టీ గ్లాసు పట్టుకున్నారు.

"గీత ముత్యాలపేరులా ఉంది గురువుగారూ. పంపేద్దాం. పాపం, నీళ్లు చల్లారిపోతాయి."

"స్పృహ తప్పిందా?"

"తప్పితే తెల్లవార్లూ ఉంచుకోవాలని నాకు తెలుసండీ. గీత ఇప్పుడు బాగున్నా తర్వాత గుండె తడబడొచ్చు. కానీ తప్పలేదట. రెండుసార్లు అడిగాను."

ఆయన గ్లాసు కిందపెట్టి, మంచం దగ్గరికి వచ్చి, మానిటర్ తెరని గోడవైపు తిప్పేశారు. హిమజ చేతిలోని కాగితం కూడా తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు చూడమ్మా," అన్నారు.

హిమజకి ఒక్కసారిగా చేతులు ఖాళీ అయినట్టయింది. చూడ్డానికి ఇంకేం మిగిలింది? సూరీడు మిగిలాడు.

"నన్నేటి సూత్తారు డాక్టరమ్మా, ఏటవలేదు," అని నవ్వాడతను. నవ్వు గుమ్మంవైపే ఉంది. నుదురు శుభ్రంగా మెరుస్తోంది. చెంపలు, మెడ, అన్నీ నూనెతో మెరుస్తున్నాయి.

"కాస్త ముందుకి వంగు."

వంగాడు. హిమజ అతని తల వెనక చెయ్యి పెట్టింది. వేళ్లకి గరగరా తగిలింది. నూనెకి అంటుకున్న ఇసుక, పందిట్లో పోసిన కొత్త ఇసుక. ముందు వైపు ఒక్క రేణువైనా లేదు.

ఆ అమ్మాయి ఇసుక అంటిన అరచెయ్యి అతని ముందు చాపింది.

సూరీడు ఆ ఇసుకవైపు చూశాడు. నవ్వు ఆగింది.

గురువుగారు గుమ్మంలోకి వెళ్లి, "బాబూ, బండి స్టాండు వెయ్యి. కాగు కింద మంట తీసెయ్యమని వాళ్లమ్మకి చెప్పు. ముహూర్తం రేపు రాత్రి కదా, నీళ్లు రేపు కాచుకోవచ్చు," అన్నారు. వెనక్కి వచ్చి చల్లారిన టీ అందుకున్నారు.

హిమజ తెరని మెల్లగా తనవైపు తిప్పుకుంది. మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంది. అతను నోరు విప్పేదాకా ఆ చెయ్యి అలాగే చాచి ఉంచింది.

"పడిపోయానమ్మా," అన్నాడు సూరీడు, నలుగుపిండి చేతుల్లోకి చూసుకుంటూ. "ఎంతసేపో తెల్దు. ఎవుళూ సూణ్నేదు. సెప్తే, ఆ పిల్ల అడుగెట్టకముందే ఇలగయిందని మావోళ్లు దాన్నంటారని… అందుకే దాసీసినాను."