కొండ కింద విస్తరి

గండిదుర్గం రాజుగారికి ఒకటే ఆశ్చర్యం. కొండ మీది కోటలో రాజవైద్యుడు విరూపాక్షయ్య నడిపే మందులశాలకు ఈ వానాకాలమంతా కొండ కింది పల్లెల నుంచి ఒక్క రోగీ రాలేదట!

"వాళ్ళకి రోగాలే లేవు ప్రభూ! అంతా నా హస్తవాసి" అన్నాడు వైద్యుడు. రాజుగారు మురిసిపోయి సన్మానం ప్రకటించారు.

ఆ మాట విని, పల్లెల్లో పురుళ్ళు పోసే నూకాలు కొండెక్కి వచ్చింది. "రేపు వైద్యులవారికి మా పల్లెవాళ్ళం భోజనం పెట్టుకుంటాం మహారాజా! ఇక్కడ మాత్రం వారికి ఎవరూ వండకూడదు" అంది. ఇదేం కోరికో రాజుగారికి అంతుపట్టలేదు. ఏం చేస్తుందో చూద్దామని సరేనన్నారు.

మర్నాడు పొద్దు వాలేవేళ వైద్యుడు సోలిపోతూ కొలువుకు వచ్చాడు. వెనకే నూకాలు.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు ప్రభూ! కొండ కింద విస్తరి వేసి, దిగి రమ్మంటుంది ఈవిడ!"

"వారు రాలేదు మహారాజా. ఆకలి లేదు కాబోలని విస్తరి తీసేశాం."

"ఈ మోకాళ్ళతో అన్ని మెట్లెలా దిగను? రానంత మాత్రాన ఆకలి లేనట్టేనా?" వైద్యుడు గయ్యిమన్నాడు.

అప్పటిదాకా వేడుక చూస్తున్న రాజుగారి నవ్వు ఆ మాటతో ఆగిపోయింది.

"కింద ఎంతమంది మంచాన పడ్డారమ్మా?"

"జ్వరం లేని ఇల్లు లేదు మహారాజా. మొన్న ఒక బాలింతను మోసుకొస్తుంటే సగం మెట్ల మీదే పోయింది."

సన్మానం ఆగింది. రాజుగారు వైద్యుణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ వైద్యుడి వంటిల్లు మాత్రం కొండ కిందికి మార్పించారు.

రోజూ ఎక్కి దిగలేక, వారం తిరక్కుండానే వైద్యుడు మందుల పెట్టెలు కూడా కిందికే దింపుకున్నాడు.