అరపలం మొగ్గు

అనగా అనగా, రాజుగారి తూకపురాళ్లు ఇంకా కొండలెక్కని రోజుల్లో, అడవి అంచున కుంకుళ్లగూడెం అనే పల్లె ఉండేది. ముప్పై గడపల పల్లె. వేటే వాళ్లకు బతుకు. అయినా ఆ పల్లెలో ఒక్క త్రాసు కూడా లేదు. ఈదమ్మ అవ్వ చేతులుండగా త్రాసుతో పనేమిటి?

వేటగాళ్లు అడవికోళ్లను పట్టి తెచ్చేవారు. ఈదమ్మ వాటిని కోయించి, మాంసాన్ని మోదుగాకుల మీద ముప్పై పోగులు పెట్టేది. రెండేసి పోగులను చేతుల్లోకి తీసుకుని, ఇటు చేతిది అటు, అటు చేతిది ఇటు మార్చుకుని, కళ్లు మూసుకుని చూసేది. ఇక్కడ చిటికెడు తీసి అక్కడ వేసేది. అంతే. "నా పోగు తగ్గింది" అన్న మాట ఆ పల్లెలో పుట్టలేదు. మాంసం దగ్గర పోట్లాట లేని ఊరుందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు, కానీ ఉండేది.

ఏటా కోతలు కాగానే పెద్దవేట జరిగేది. ఆనాడు కోళ్లను మెడ కోసి తెచ్చేవారు; ఎవరి కోడి అందరి కోళ్లకన్నా బరువు తూగితే, దాని తోకలోని ఈక వాళ్ల తలపాగాకు. ఏడాది పొడుగునా పెట్టుకు తిరగవచ్చు. ఆ ఈక ముచ్చట తేలేదాకా పోగులు వేయరాదని ఆచారం.

గురువయ్య అనే వేటగాడికి ఆ ఈక మీద ప్రాణం. మూడేళ్లుగా వేలికి అందినట్టే అంది జారిపోతోంది. ఆ ఏడు వాడి ఉచ్చులో ఒక పుంజు పడింది. మెడ నిండా ఎర్రటి ఈకలు, మూరెడు తోక. "ఈసారి నాదే!" అని భార్యతో చెప్పి, కొత్త తలపాగా కూడా చుట్టుకుని వచ్చాడు.

చివరికి రెండు కోళ్లు మిగిలాయి. ఒకటి గురువయ్యది. రెండోది వాడి అక్క మొగుడు అంకన్నది, పొట్టితోక పుంజు, చూపుకు ఆనదు.

ఈదమ్మ రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుంది. చేతులు మార్చింది. మళ్లీ మార్చింది. కళ్లు తెరిచి, "అంకన్నదే నాయనా. అరపలం మొగ్గు," అంది.

అరపలమంటే ఎంత? గుప్పెడు చింతగింజలైనా ఉండవు. ఆ కాస్త తేడా గురువయ్య గొంతుకు అడ్డంపడింది.

"అవ్వా! నీ చేతులు వణుకుతున్నాయి. మళ్లీ మళ్లీ చేయి మార్చావు. నీ తూకం మీద నీకే నమ్మకం లేదు, మేమెట్లా నమ్మాలి?" అని అందరి ముందూ అనేశాడు.

ఒక్క అంకన్నే ముందుకొచ్చి, "పోనీలే బావమరిదీ, ఈక నువ్వే పెట్టుకో. పెద్దామెను ఎందుకు నొప్పిస్తావు?" అన్నాడు.

"నువ్వు దానమిచ్చే ఈక నాకెందుకు? నిజం తేలాలి!"

ఈదమ్మ తన చేతులకేసి చూసుకుంది. ఆ చేతులను ఒకరు తప్పుపట్టడం ఆమె పుట్టాక అదే మొదలు. "అయితే మంచి త్రాసు వెతికి తూయించుకురా నాయనా," అని చేతులు కొంగులో దాచుకుంది.

అప్పుడైనా వాడు ఆగి ఉండవలసింది. ఆగలేదు. రెండు కోళ్లనూ కావడిలో వేసుకుని, కొండ దిగి, సంతకు పోయాడు.

మొదట ఉప్పు అమ్మే సెట్టి కనిపించాడు. సెట్టి త్రాసులో కోళ్లను చెరో పళ్లెంలో పెట్టగానే గురువయ్య పుంజున్న పళ్లెం దిగిపోయింది. వాడు ఎగిరి గంతేశాడు. "సెట్టిగారూ, ఇంకొక్కసారి తూయండి, కళ్లారా చూసుకుంటాను!" సెట్టి కోళ్లను తీసి మళ్లీ పెట్టాడు. ఈసారి చేయి అటుదిటు అయింది. అదే పళ్లెం దిగింది, కానీ అందులో ఉన్నది అంకన్న పుంజు!

"ఇదేమిటి సెట్టిగారూ?"

"కొనేటప్పుడొక పక్క, అమ్మేటప్పుడొక పక్క," అన్నాడు సెట్టి తాపీగా. "నువ్వు కొంటున్నావా, అమ్ముతున్నావా? ముందది చెప్పు నాయనా."

గురువయ్య దండం పెట్టి బయటపడ్డాడు.

తరువాత కంసాలి దగ్గరికి పోయాడు. కంసాలి త్రాసు గురిగింజ ఎత్తు తేడా కూడా పట్టేస్తుందని పేరు. కంసాలి కోళ్లను చూసి పగలబడి నవ్వాడు. "నా త్రాసు అబద్ధమాడదు అన్నా. కానీ నీ కోడి కాలిగోరు పెడితేనే దారాలు తెగుతాయి. పెద్ద త్రాసు కావాలంటే రాజుగారి ధాన్యపు కొఠారుకు పో."

పొద్దు వాలుతోంది. కావడి చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. అక్కడ కుంకుళ్లగూడెంలో పిల్లలు ఖాళీ మోదుగాకులు ముందేసుకుని దారికేసి చూస్తున్నారు. గురువయ్యకు ఆ సంగతి తట్టనైనా లేదు.

రాజుగారి కొఠారులో తూనికలు చూసే ముసలాయన రంగప్ప. నిదానమైన మనిషి. కోళ్లను త్రాసులో పెట్టి ముల్లు నిలిచేదాకా ఓపిగ్గా చూశాడు. తరువాత కోళ్లను పళ్లేలు మార్చి పెట్టాడు. మళ్లీ మార్చాడు.

"అయ్యా, మీ త్రాసు మీద మీకే నమ్మకం లేదా?" అన్నాడు గురువయ్య.

రంగప్ప వాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎంత మంచి త్రాసుకైనా ఒక పక్క కాడ వెంట్రుకవాసి పొడుగుంటుంది అబ్బాయీ. పక్కలు మార్చి తూచినవాడిదే తూకం. మార్చకుండా చెప్పేవాడు దొంగ అయినా కావాలి, తొందరపాటు మనిషి అయినా కావాలి."



రంగప్ప చిన్నరాళ్లు ఒక్కొక్కటే వేసి చూసి, "పొట్టితోక పుంజే ఎక్కువ. అరపలం మొగ్గు," అన్నాడు.

"మా అవ్వ కూడా అంతే చెప్పింది," అన్నాడు గురువయ్య నేలచూపులు చూస్తూ.

"ఏ త్రాసుతో?"

"చేతులతో."

రంగప్ప చేతిలోని రాయి కింద పెట్టేశాడు. "అరపలం తేడా చేతికి తెలిసిందా! ఆ తల్లిని ఒక్కసారి నాకు చూపించు నాయనా. ఆమె ముందు కూర్చుని ఈ త్రాసు సరిచేసుకుంటాను."

ఆ మాటకు గురువయ్యకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కొఠారు అరుగు మీదే పడుకుని, తెల్లవారాక కొండెక్కాడు. ఎండ ముదిరే వేళకు పల్లె చేరాడు. అప్పటికి కావడిలోని కోళ్లూ, పోగులకై ఊళ్లో ఆగిన వేటకోళ్లూ అన్నీ చెడిపోయాయి. వాటిని గొయ్యి తీసి పూడ్చారు. పెద్దవేట చేసి కూడా ఊరు ఊరంతా అంబలి తాగి పడుకోవడం అదే మొదటిసారి.

గురువయ్య అందరి ముందూ ఈదమ్మ కాళ్ల మీద పడ్డాడు. "తప్పయిపోయింది అవ్వా. నీ తూకమే నిజం. అరపలం కూడా తేడా లేదు."

ఈదమ్మ వాడి తల నిమిరింది. "లే నాయనా. వయసులో ఉన్నవాడివి, ఆశపడ్డావు. నాకు కోపం లేదు." ఆమెకు నిజంగానే కోపం లేదు.

మూడోనాడు మళ్లీ వేటకు పోయి కోళ్లు తెచ్చారు. మోదుగాకులు పరిచారు. "పోగులెయ్యి అవ్వా," అన్నారంతా.

ఈదమ్మ రెండు పోగులు చేతుల్లోకి తీసుకుంది. మార్చింది. కళ్లు మూసుకుంది. మళ్లీ మార్చింది. మెల్లగా రెండు పోగులూ ఆకుల మీద పెట్టేసింది.

"తెలియడం లేదు నాయనా."

"అదేమిటవ్వా! రాజుగారి త్రాసే నీ మాట నిజమంది కదా!" అన్నాడు గురువయ్య.

"అందిలే. కానీ ఇంతకాలం చేయి చెప్పేది, నేను వినేదాన్ని. ఇప్పుడు అది చెప్పేలోపే, 'వణుకుతున్నావా?' అని నేనే అడుగుతున్నాను. అడిగేసరికి అది మాట్లాడటం మానేస్తోంది."

ఆనాడు పోగులు ఎవరికి తోచినట్టు వాళ్లు వేశారు. కుంకుళ్లగూడెంలో "నా పోగు తగ్గింది" అన్న మాట అప్పుడు పుట్టింది. అంకన్న ఈక అందుకున్నాడు గానీ తలకు పెట్టుకోలేదు.

గురువయ్య వానలు వచ్చేదాకా రంగప్ప కొఠారులో బస్తాలు మోశాడు. కూలికి బదులు మంచి త్రాసొకటి అడిగి తెచ్చాడు. దానికి వంక పెట్టడానికి లేదు. అయినా పోగులు వేసేటప్పుడు ముప్పై గడపలవాళ్లూ ముల్లు చుట్టూ మూగి, "పక్కలు మార్చు, మళ్లీ మార్చు!" అని అరిచేవారు. వేసే పోగు మీద కన్నేసి ఉంచడం వాళ్లకు అలవాటైపోయింది.

గురువయ్య తూచిన ప్రతి పోగునూ ముందు ఈదమ్మ దగ్గరికి తీసుకుపోయేవాడు. "సరిగ్గా ఉందా అవ్వా? ఒక్కసారి పట్టి చూడు," అని బతిమాలేవాడు.

ఆమె నవ్వేది. చేతులు మాత్రం కొంగులోంచి తీసేది కాదు. "త్రాసు ఎంతంటే అంతే నాయనా," అనేది.

కాబట్టి పిల్లలూ, త్రాసును శంకిస్తే పక్కలు మార్చి మళ్లీ తూచుకోవచ్చు. నమ్మదగిన మనిషిని నలుగురిలో శంకిస్తే, నిజం తేలిన తరువాత కూడా ఆ మనిషి మునుపటిలా దొరకరు.