వరహాలమ్మ విన్న టీవీ

పాలకొండ బస్సు డిపోలో పైడిరాజు అనే మెకానిక్ ఉండేవాడు. మనసు మంచిదే కానీ, ఇంట్లో ఎవరికి ఏం కావాలో వాళ్లను అడక్కుండా తానే తేల్చేసే అలవాటు అతనికి ఉండేది. భార్య కుమారికి చీర తెచ్చేవాడు, ఏ రంగు కావాలని అడిగేవాడు కాదు. కూతురు లిఖితకు చెప్పులు తెచ్చేవాడు, అవి ఒక సైజు పెద్దగా ఉండేవి. "ఎదిగే పిల్ల, సరిపోతాయిలే" అనేవాడు. తెచ్చింది ప్రేమతోనే కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆ ఇంట్లోనే అతని అక్క వరహాలమ్మ కూడా ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే పైడిరాజును పెంచింది ఆవిడే. ఆవిడను అతను 'అప్పా' అని పిలిచేవాడు. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చింది. పదేళ్ల కిందట నీటికాసుల జబ్బు వచ్చి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. అయినా ఊరికే కూర్చునేది కాదు. చేత్తో తడిమి చింతపండులో గింజలు తీసేది, వెల్లుల్లి పొట్టు వలిచేది. ఆ పని చేస్తూ టీవీ వినేది.

ఆ ఇంట్లో ఉన్నది పాతకాలపు డబ్బా టీవీ. బొమ్మ మసకబారినా గొంతు మాత్రం ఖంగుమనేది. సీరియల్‌లో ఎవరు మాట్లాడినా మొదటి మాటకే వరహాలమ్మ పోల్చుకునేది. "ఈ చిన్నకోడలు ఇవాళ అబద్ధం చెబుతోంది, గొంతు చూడు ఎలా తడబడుతోందో" అనేది. వంటింట్లో ఉన్న కుమారికి, ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చిన లిఖితకు ఆ రోజు కథంతా ఆవిడే చెప్పేది. చూసినవాళ్ల కంటే వివరంగా చెప్పేది. క్రికెట్ ఉన్న రోజున ఎవరెన్ని పరుగులు తీశారో ఆవిడనే అడిగేవారు.

ఒకరోజు ఆ టీవీ పూర్తిగా మూగబోయింది. బాగుచేసే మనిషి వచ్చి విప్పి చూసి, "దీని సామాను ఇప్పుడెక్కడా దొరకదు. కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

ఆదివారం పొద్దున పైడిరాజు కొట్టుకు బయల్దేరాడు.

"ఏమండీ, వదినను కూడా తీసుకెళ్లండి" అంది కుమారి.

"అప్పకు కనపడదు కదా! అక్కడికి వచ్చి ఏం చూస్తుంది?" అన్నాడు పైడిరాజు చెప్పులు వేసుకుంటూ.

పక్క గదిలో చీర మడత సరిచేసుకుంటున్న వరహాలమ్మ ఆ మాట విని, మళ్లీ మంచం మీద కూర్చుంది.

కొట్టు యజమాని జగన్నాథం నెమ్మదైన మనిషి. తక్కువ ధర టీవీల వరసలో రెండింటిని చూపించాడు. మొదటిది నలభై మూడు అంగుళాలది, పేరు పెద్దగా వినని కంపెనీది. అద్దంలా పలచగా ఉంది. రెండోది ముప్పై రెండు అంగుళాలది. కొంచెం మందంగా, పాత తరహాలో ఉంది. దాని ధర ఇంకాస్త తక్కువ.

"పెద్దదానికి బొమ్మ బాగుంటుందండీ. కానీ ఇంత పలచగా చేశారు కాబట్టి స్పీకర్లు చిన్నవి పెట్టారు, అవీ వెనక్కి తిరిగి ఉంటాయి. చిన్నదానికి ముందువైపే ఉన్నాయి, మాట స్పష్టంగా వస్తుంది. మీ ఇంట్లో టీవీ ముందు ఎక్కువసేపు కూర్చునేది ఎవరు?" అని అడిగాడు జగన్నాథం.

పైడిరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అందరూ చూస్తారండీ. పెద్దదే ఇవ్వండి" అన్నాడు.

టీవీని గోడకు బిగించారు. లిఖిత చప్పట్లు కొట్టింది. పైడిరాజు డిపోలో అందరికీ చెప్పుకున్నాడు. వరహాలమ్మ కూడా చేత్తో దాని అంచులు తడిమి, "అబ్బో, ఇంత పెద్దదే!" అని సంతోషపడింది.

సాయంత్రం సీరియల్ మొదలైంది. మాటలు పీలగా, గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినిపించాయి. సంగీతం వచ్చినప్పుడు మాటలు అందులో కలిసిపోయాయి. శబ్దం పెంచితే రొద పెరిగింది తప్ప మాట తేటపడలేదు. బొమ్మ చూసేవాళ్లకు అది పెద్ద లోటు అనిపించలేదు. ఎవరి పెదవులు కదులుతున్నాయో వాళ్లకు కనబడుతోంది.

"ఇప్పుడన్నది ఎవరమ్మా, అత్తా కోడలా?" అని అడిగింది వరహాలమ్మ.

"అత్త" అంది లిఖిత.

కాసేపటికి మళ్లీ అడిగింది. ఆ తర్వాత ఇంకోసారి అడిగింది.

"ఉండప్పా, అయ్యాక మొత్తం చెబుతాను" అన్నాడు పైడిరాజు. అయ్యాక వార్తలు పెట్టుకున్నాడు. చెప్పడం మరిచిపోయాడు.

నాలుగు రోజులు వరహాలమ్మ అడిగింది. అయిదో రోజు నుంచి అడగడం మానేసింది. ఆ తర్వాత ముందు గదిలోకి రావడమే మానేసింది. కుమారి పిలిస్తే, "మీరు చూడండమ్మా, నాకు నడుము నొప్పిగా ఉంది" అనేది. కూర్చునే చోటు మారింది. చింతపండు బుట్ట వంటింటి మూలకు చేరింది. కథ చెప్పే గొంతు లేక ఇల్లు బోసిపోయింది. వయసు మీద పడుతోంది, అందుకే ఓపిక తగ్గిందనుకున్నాడు పైడిరాజు. అది కూడా ఆవిడను అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం క్రికెట్ పోటీ ఉంది. కుమారి, లిఖిత పెళ్లి భోజనానికి వెళ్లారు. పైడిరాజు డిపో నుంచి వచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అక్క లేదు. పెరట్లో లేదు. చూపు పోయాక ఆవిడ ఒంటరిగా గడప దాటింది లేదు. ఇంటి ముందు ఎప్పుడూ మోటారు సైకిళ్లు, ఆటోలు.

"అప్పా!" అని అరుస్తూ పైడిరాజు వీధిలోకి పరుగెత్తాడు.

రోడ్డుకు అవతల తవిటమ్మ ఇల్లు ఉంది. తవిటమ్మ బజ్జీల బండి నడిపేది. ఆ ఇంట్లోంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. నవ్వుల మధ్య వరహాలమ్మ గొంతు వినబడింది.

"అది అవుటేనర్రా! బంతి బ్యాటు అంచుకు తగిలిన చప్పుడు వినలేదా? మీకు కళ్లున్నాయి గానీ చెవుల్లేవు!"

పైడిరాజు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల బీరువా మీద చిన్న పాత టీవీ ఉంది. దాని ముందు తవిటమ్మ కుటుంబం, మధ్యలో తన అక్క. అప్ప ముఖం అలా వెలగడం చూసి నెల దాటింది.

"ఒక్కదానివే రోడ్డు దాటావా అప్పా? ఏదైనా తగిలితే?" అన్నాడు.

"గోడ పట్టుకుని వచ్చానురా. బళ్ల చప్పుడు ఆగేదాకా నిలబడి, అప్పుడు దాటాను."

"మన ఇంట్లో అంత పెద్ద టీవీ ఉండగా ఇక్కడికి రావడం ఎందుకు?"

వరహాలమ్మ తమ్ముడి గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో కోపం లేదు.

"అది మీకు కనిపిస్తుందిరా. ఇది నాకు వినిపిస్తుంది" అంది.

జగన్నాథం అడిగిన ప్రశ్నకు జవాబు పైడిరాజుకు అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో టీవీ ముందు అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది, ఏమీ కనబడని మనిషే.

"ఆ రోజు నన్ను కూడా తీసుకెళ్తావేమోనని చీర మార్చుకున్నాను" అంది వరహాలమ్మ మెల్లగా.

పోటీ అయ్యేదాకా పైడిరాజు అక్క పక్కనే కూర్చున్నాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

మర్నాడు డిపోకు సెలవు పెట్టి, పెద్ద టీవీని ఆటోలో ఎక్కించి, అక్కను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లాడు. సంగతంతా దాచకుండా చెప్పాడు.

"వాడిన టీవీ కదండీ. దీనికి బదులు చిన్నది ఇవ్వగలను, ధరలో తేడా మాత్రం తిరిగి ఇవ్వలేను" అన్నాడు జగన్నాథం.

"అక్కర్లేదండీ. తప్పు నాది. ఏది కావాలో మా అప్ప చెబుతుంది" అన్నాడు పైడిరాజు.

జగన్నాథం ఆ ధరలో ఉన్న అయిదు టీవీలలో ఒకే వార్తల ఛానెల్ ఒక్కొక్కటిగా పెట్టాడు. వరహాలమ్మ తల కొంచెం వంచి వింది. ఒకటి గీపెడుతోందంది. ఒకటి ముక్కుతో మాట్లాడుతోందంది. బేరానికి వచ్చినవాళ్లు తమ బేరం ఆపేసి ఆవిడ ఏమంటుందోనని చూస్తూ నిలబడ్డారు. నాలుగో దాని దగ్గర వరహాలమ్మ ఆగింది.

"ఈ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని వార్తలు చెబుతున్నట్టుంది. ఇదే బాగుంది" అంది.

అది ఆ రోజు జగన్నాథం చూపించిన ముప్పై రెండు అంగుళాల టీవీనే. బొమ్మ చిన్నదైపోయిందని లిఖిత మొదటి రోజు కాస్త అలిగింది. రెండో రోజు ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చి, "అత్తా, ఇవాళ ఏమైంది?" అని అడిగింది. వరహాలమ్మ చేతిలో పని పక్కన పెట్టి కథ అందుకుంది. కుమారి పొయ్యి తగ్గించి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పైడిరాజు కూడా దగ్గరగా జరిగి విన్నాడు.

ఇంటిల్లిపాదికీ తెచ్చే వస్తువును ఇంటిల్లిపాదినీ అడిగే తేవాలి. అడగకుండా చూపే ప్రేమ, మనం ప్రేమించేవాళ్లనే దూరం చేస్తుంది.