డాక్టరు గారి చలి

లోవరాజు చెయ్యి పడ్డ బండి మళ్ళీ అదే రోగంతో షెడ్డుకి రావడం తక్కువ. రాజమణి టీచరు కారు మాత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి లారీ వెనక తాడు కట్టుకుని వచ్చింది.

షెడ్డు నర్సీపట్నంలో దాలయ్య మేస్త్రిది. లోవరాజు ఆయన దగ్గరే పని నేర్చుకుని, అక్కడే ఉండిపోయాడు. ఈమధ్య మేస్త్రికి చూపు మందగించడంతో పనంతా తనే చూస్తున్నాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలియాలని కూడా అతనికి ఉండేది.

అదొక పాత విలాయతీ కారు. మిషన్ ఆస్పత్రి వదిలి తమ దేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని దాన్ని టీచరు గారి భర్త ఇశ్రాయేలు డాక్టరు గారికి ఇచ్చి వెళ్ళింది. డాక్టరు గారు కిందటి వేసవిలో పోయారు. ఘాట్ రోడ్డు ఎక్కితే పైన చిన్న చర్చి, పక్కనే సమాధుల తోట. ఎప్పుడో జ్వరంతో పోయిన పదేళ్ళ కూతురి పక్కనే ఆయన్నీ పడుకోబెట్టారు.

ఆయన ఉన్నన్నాళ్ళూ భార్యాభర్తలిద్దరూ ఈ కారులోనే నెలనెలా కూతురి దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళు. ఆయన పోయాక టీచరు గారు డ్రైవర్ని పెట్టుకుని బయల్దేరితే, సగం కొండ ఎక్కేసరికి ఇంజను మరిగి ఆవిరి కక్కేది. ఒక్కసారీ పైదాకా చేరలేదు.

"టాక్సీలో వెళ్ళొచ్చేయండమ్మా" అన్నాడు లోవరాజు.

"ఈ కారులోనే వెళ్ళాలి బాబూ" అందావిడ. ఎందుకో చెప్పలేదు.

లోవరాజు ఇంజను వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మార్చాడు. నీళ్ళ పంపు విప్పి చూశాడు. కొత్త బెల్టు వేశాడు. షెడ్డులో ఎంతసేపు ఇంజను నడిపినా వేడి చూపించే ముల్లు సగం దాటదు. కొండెక్కితే మాత్రం ఎర్ర గీత మీదికి పోతుంది.

"అన్నీ చూసేశాను మేస్త్రీ" అన్నాడు విసుగ్గా. "హీటర్ గొట్టాలు కూడా పీకేసి, దారి మూసేశాను. ఈ ఎండల్లో హీటర్ ఎవడికి కావాలి? ఇంక ఇంజను దించడమే."

మేస్త్రి బండి దగ్గరికి వచ్చాడు. వేడెక్కిన ఇంజను ఆపించి, ఫ్యాను నిలిచాక, నీళ్ళని చల్లార్చే రేడియేటర్ మీద అరచెయ్యి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. తర్వాత లోవరాజు చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టాడు.

పైన చెయ్యి కాలింది. మధ్యలో, కిందా చాలాచోట్ల చల్లగా ఉంది. లోపల ఏళ్ళ తరబడి పూడిక పేరుకుపోయి, నీళ్ళు సగం గొట్టాల్లోకి వెళ్ళడమే లేదు. లోవరాజు తల దించుకున్నాడు.

"ఇది ఇప్పటి పూడిక కాదు మేస్త్రీ. మరి డాక్టరు గారు ఇన్నేళ్ళూ కొండ ఎలా ఎక్కించారు?"

మేస్త్రి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న మీటలన్నీ వేళ్ళతో తడిమాడు. దేని రంగు దానికి ఉంది. హీటర్ మీట ఒక్కటే రంగంతా పోయి, లోపలి ఇత్తడి తేలి, నున్నగా అరిగిపోయింది.

బల్ల మీద కూర్చున్న టీచరు గారి వైపు తిరిగి, "అమ్మా, డాక్టరు గారికి చలెక్కువా?" అని అడిగాడు.

ఆవిడ చిన్నగా నవ్వింది. "చలి మనిషి దాలయ్యా ఆయన. నడివేసవిలో కూడా కొండెక్కేటప్పుడు హీటర్ వేసేవారు. పక్కన నేను ఉడికిపోయేదాన్ని. ఎంత పోట్లాడానో! 'నాకు చలిగా ఉంది రాజీ, కాసేపు ఓర్చుకో' అనేవారు."

లోవరాజుకి ఒక్కసారిగా అర్థమైంది. హీటర్ ఇంజనులోని వేడి నీళ్ళని తన గుండా తిప్పుకుని, ఆ వేడిని కారులోకి ఊదుతుంది. లోపలివాళ్ళు ఎంత ఉడికితే ఇంజను అంత చల్లబడుతుంది.

"అమ్మగారూ, అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టాడు.

"ముందు ఆ గొట్టాలు మళ్ళీ తగిలించు" అన్నాడు మేస్త్రి.

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. లోవరాజు నడుపుతున్నాడు. మేస్త్రి వెనక కూర్చుని, టీచరు గారిని ఆవిడ ఎప్పుడూ కూర్చునే ముందు సీట్లోనే కూర్చోమన్నాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఘాట్‌లో మలుపులు మొదలయ్యాక ముల్లు పైకి లేవసాగింది. ఎర్ర గీత దగ్గరికి వచ్చేసరికి లోవరాజు కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు" అన్నాడు మేస్త్రి. తర్వాత, "అమ్మా, ఆ హీటర్ మీట లాగండి."

"ఈ ఎండలోనా దాలయ్యా?"

"లాగండమ్మా."

ఆవిడ లాగింది. వేడిగాలి కాళ్ళ మీదికీ మొహం మీదికీ కొట్టింది. ముల్లు కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత కొంచెం కొంచెంగా కిందికి దిగింది. కారు ఎక్కుతూనే ఉంది.

టీచరు గారు ఆ ముల్లునే చూస్తోంది. ఎప్పుడూ ఆవిరి కక్కి ఆగిపోయే చోటు వచ్చింది, వెనక్కి పోయింది.

లోవరాజు ఏదో చెప్పబోయాడు. వెనకనించి మేస్త్రి చెయ్యి అతని భుజం మీద పడింది.

ఆవిడ అరిగిపోయిన మీట మీద వేలు పెట్టి అంది. "పైకి వెళ్ళేసరికి ఆయన చొక్కా వీపంతా తడిసి ముద్దయ్యేది. చలి మనిషికి ఇన్ని చెమటలేమిటని ఒక్కనాడూ అడగలేదు నేను."

కారు ఇంకో మలుపు తిరిగింది.

"ఎప్పుడో మొదట్లో ఒకసారి కారు ఈ ఘాట్‌లో ఆగిపోయింది. లోయ చూసి భయపడి ఏడ్చాను. ఇంకొక్కసారి ఇలా ఆగితే బిడ్డ దగ్గరికి కూడా రానన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆగలేదు." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆఖరిసారి వచ్చినప్పుడు, ఆ వేడి భరించలేక, కోపంతో వెనక సీట్లోకి వెళ్ళిపోయాను దాలయ్యా. ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు."

పైన రోడ్డు చదునుగా వచ్చింది. ఆవిడ మొహమంతా చెమటలు కారుతున్నాయి. ముల్లు సగానికి దిగింది కదా అని లోవరాజు మీట తోసేయబోయాడు. ఆవిడ అతని చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ బాబూ."

చర్చి దగ్గర దిగి, ఒక్కర్తే సమాధుల మధ్యకి నడిచింది. ఇద్దరూ కారు దగ్గరే నిలబడ్డారు. ఆవిడ కూతురి సమాధి దగ్గర ఆగలేదు. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి, నేల మీద కూలబడి, మట్టి మీద చెయ్యి వేసింది. ఏడుపు ఇక్కడిదాకా వినిపించింది.

లోవరాజు కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి మేస్త్రి మీద కోపం కూడా వచ్చింది.

"షెడ్డులోనే ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదా మేస్త్రీ. రేడియేటర్ బాగుచేసి పంపించేవాళ్ళం. ఆవిడకి ఈ బాధ తప్పేది."

"రేడియేటర్ రేపు చేద్దాం" అన్నాడు మేస్త్రి. మసకబారిన కళ్ళతో ఆ ఏడుపు వినిపిస్తున్న వైపే చూస్తున్నాడు.

"షెడ్డులో అయితే నా మాట వినేదిరా. ఇక్కడ ఆయన మాట వింది."