లెక్కల పోలమ్మ గుడిలో సొట్ట కప్పు

ఉదయం ఏడు గంటలు. మంచు ఇంకా విడలేదు. సన్నగా తుంపర పడుతోంది.

చీమలగెడ్డ ఘాట్ రోడ్డులో పెద్ద మలుపు దగ్గర బస్సు దిగితే, కుడిచేతి వైపు రేకుల పందిరి కింద శ్రీ లెక్కల పోలమ్మ తల్లి కొలువై ఉంటుంది. అమ్మవారిది తెల్లరాతి రూపం. పడుకున్న మేకంత ఉంటుంది. గంట ఉండవలసిన చోట రెండు చెవుల కప్పు ఒకటి వేలాడుతుంది. దానికి ఒక పక్క సొట్ట. మీద ‘దక్షిణ ప్రాంత జూనియర్ ఐస్ హాకీ విజేతలు’ అని చెక్కి ఉంటుంది. వచ్చిన భక్తులు అమ్మవారి కంటే ముందు దీని గురించే అడుగుతారు. అందుకని ఆలయ కమిటీ వారు నన్ను ఈ నాలుగు ముక్కలు రాయమన్నారు.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు. వంతాల లచ్చి అనే ఆవిడ ఈ కొండ మీద మేకలు కాచుకునేది. ఒక సాయంత్రం మంచు దట్టంగా కమ్మింది. లచ్చి ఈ మలుపులో నిలబడి మందను కళ్ళతోనే ఎంచుకుంది. లెక్క సరిపోయింది. ఇంటికి పోయి పడుకుంది. కలలో తెల్లచీర కట్టిన ఒక ముత్తైదువ కనిపించి, “లచ్చీ, నన్నూ మేకల్లో కలిపేశావేమే? నీ కూన నా వెనక వణుకుతోంది. మంచులో కళ్ళతో ఎంచకు, పిలిచి ఎంచు” అని చెప్పింది. లచ్చి తెల్లవారుతూనే ఇత్తడి చెంబు వాయిస్తూ, కూనను పేరుపెట్టి పిలుస్తూ వచ్చింది. ఒక తెల్లరాయి వెనక నుంచి కుంటి మేకపిల్ల అరిచింది. ఆ రాయే అమ్మవారు. మేకల లెక్కలో కలిసిన తల్లి కనుక లెక్కల పోలమ్మ అయింది. పరీక్షల ముందు పిల్లలు వచ్చి లెక్కల్లో పాసు చేయించమని మొక్కుతారు. తల్లి అదీ కాదనదు.

కాలక్రమేణా చెంబు పోయింది. రోడ్డు వచ్చింది. డ్రైవర్లు కొబ్బరికాయ కొట్టి పోయేవారు. పిలిచి ఎంచే ఆచారం మాత్రం అందరూ మరిచారు.

మా ఊరు ఈ ఘాట్ పైన ఉంది. మా పిల్లలు బడి సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో హాకీ నేర్చుకున్నారు. గడ్డకట్టిన ఐసు వాళ్ళు చూసింది పుల్ల ఐసులోనే. అలాంటివాళ్ళు నగరంలో ఐసు మీద ఆడి ఈ కప్పు గెలిచారు. మా అమ్మాయి నీలవేణి గోల్ కీపరు.

తిరిగి వస్తూ తెల్లవారాక ఈ మలుపులో బస్సు ఆగింది. డ్రైవరు కాయ కొట్టాడు. పిల్లలంతా నిద్రలో ఉన్నారు. నీలవేణి మాత్రం కప్పును తల్లికి చూపిద్దామని దిగింది. మంచులో ఎవరూ చూడలేదు. గోల్ కీపరు సామానంటే మనిషంత ఉంటుంది. చెమట ఆరాలని ప్యాడ్లను తన పక్క సీట్లో కూర్చోబెట్టి, పైన తలకు తొడిగే మాస్కు పెట్టి ఉంచింది. దిగేటప్పుడు తన దుప్పటి తీసి వాటికి మెడదాకా కప్పింది. వ్యాయామం మాస్టారు గెమ్మెలి బాలన్న గారు తలలు ఎంచారు. లెక్క సరిపోయింది. బస్సు కదిలింది.

ఊళ్ళో మేము హారతి పళ్ళేలతో నిలబడ్డాం. పిల్లలు దిగారు.

“మా నీలి ఏది మాస్టారూ?” అన్నాను.

“నిద్రపోతోందమ్మా. లేపుతానుండండి” అని ఆయన వెనక్కి వెళ్ళి భుజం తట్టారు. మాస్కు దొర్లుకుంటూ వచ్చి మెట్ల మీద నుంచి నా కాళ్ళ దగ్గర పడింది.

బస్సు వెనక్కి తిప్పారు. ఆ దారి గురించి నేను రాయను. ఈ మలుపు పక్కన లోయ ఉంది. అంతే చెబుతాను.

మలుపు దగ్గర పడ్డాక డ్రైవరు ఇంజను ఆపాడు. మంచులోంచి టంగుమని వినిపించింది. మళ్ళీ టంగుమంది. నీలవేణి తల్లి ముందు కూర్చుని, కప్పును రాయితో కొడుతూ జట్టులో వాళ్ళను పేరుపేరునా పిలుస్తోంది. లచ్చి వంశానికి చెందిన పూజారి చిన్నమ్మి అవ్వ పిల్లకు తన గొంగడి కప్పి, చెయ్యి పట్టుకుని ఉంది. “రోడ్డు మీదికి వెళ్తానందమ్మా. కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను, కూర్చుని వాయించు అన్నాను” అంది.

“అమ్మా, కప్పు సొట్టపోయింది. మాస్టారు తిడతారేమో” అంది నీలి.

బాలన్న గారు తడి రోడ్డు మీదే కూలబడి ఉన్నారు. “ఇంకో రెండు సొట్టలు పెట్టుకోవే తల్లీ” అన్నారు.

ఆ కప్పును తల్లి ముందే గంటలా వేలాడదీశాం. మరుసటి ఏడు గెలిచినవారికి ఇవ్వాలని నిర్వాహకులు కప్పు అడిగారు. సంగతి విని వేరే కప్పు చేయించుకున్నారు. నిరుడు మమ్మల్ని ఓడించిన కన్నడ పిల్లలు ఆ కొత్త కప్పు తెచ్చి తల్లికి చూపించి వెళ్ళారు. వాళ్ళకూ పులిహోర పెట్టాం.

నేటికీ పిల్లలతో ఘాట్ ఎక్కే బస్సులు ఇక్కడ ఆగుతాయి. తలలు ఎంచరు. ఎవరికి వారే కప్పు మీద ఒక దెబ్బ కొట్టి తమ పేరు చెప్పాలి. ప్యాడ్లు, సంచులు ముందే దించి పక్కన పెట్టాలి. అలా చేసినవారిని తల్లి ఇల్లు చేరుస్తుందని మా నమ్మకం.

ఈ ఉదయం జట్టు మళ్ళీ వచ్చింది. ఈసారి ఓడారు. పిల్లల్లో ముందు పండన్న కొట్టాడు. సన్యాసి కొట్టాడు. కవలలు ఇద్దరూ వేరువేరుగా కొట్టారు. మిగతా పిల్లలు, బాలన్న గారు, డ్రైవరు కూడా కొట్టారు. చివర నీలవేణి కొట్టి పేరు చెప్పింది. ఇంకోసారి కొట్టమన్నాను.

“చాల్లేమ్మా, వచ్చాను కదా” అని నవ్వి, కొట్టింది.

అందరూ వచ్చారు.