ముఖం చూపని పులి దిబ్బ

పూర్వం తూర్పు సముద్రతీరాన, ఉప్పుటేరు కడలిలో కలిసేచోట, పర్రపాలెమనే ఉప్పు పండించేవారి గ్రామం ఒకటి ఉండేది. ఆ ఊరికి పడమట తెల్లని ఉప్పుమడులు, వాటి అంచున నడుమెత్తు తుంగ, ఏటికి ఆవల ఒంటరిగా ఒక ఇసుకదిబ్బ తప్ప, కొండగాని అడవిగాని కనుచూపుమేరలో లేవు. అడవి ఎలా ఉంటుందో ఎడ్లమీద ఉప్పు వేసుకొని దూరదేశాలకు పోయే బేహారులు చెప్పగా వినడమే గాని, కళ్ళారా చూసినవారు ఆ గ్రామంలో అరుదు.

అటువంటి చోటికి నల్లమల కొండల నుండి ఓబుళమ్మ అనే స్త్రీ కోడలిగా వచ్చింది. ఉప్పు ఎడ్ల వెంట కొండకు వెళ్ళిన ఆ ఊరి చెన్నయ్య ఆమెను పెళ్ళాడి తీరానికి తీసుకువచ్చి, ఇద్దరు ఆడపిల్లలు పుట్టిన తరువాత చలిజ్వరంతో కన్నుమూశాడు. పుట్టినింటికి పోదామంటే దారి దూరం, బిడ్డలు చిన్నవాళ్ళు. అందుచేత ఆమె మగని వంతు మడిని తానే తొక్కుకుంటూ, ఉప్పు గీసుకుంటూ, తనకు అలవాటు లేని గాలిలో బిడ్డలను పెంచుకుంటూ ఉండిపోయింది. వాళ్ళు పలికే యాసలో తన కొండమాట ఒక్కటీ మిగలడం లేదని గమనించినప్పుడు ఆమెకు దిగులు కలిగేది. అయినా ఈ ఊరిలో బతకవలసినవాళ్ళు ఈ ఊరి మాటే మాట్లాడాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

కొండలో పులి భయంవల్ల ఒక ఆచారం ఉండేది. దీపం పెట్టే వేళకు ప్రతి తల్లీ గడపలో నిలబడి తన బిడ్డలను పేరుపెట్టి పిలిచేది. ఒక గడపలో పిలుపు లేస్తే పక్క గడప అందుకునేది. అలా చూస్తుండగానే ఊరంతా ఒక్క గొంతయ్యేది. పర్రపాలెంలో ఆ భయం లేదు. పగటి ఎండకు మాడిన పిల్లలు పొద్దు చల్లబడ్డాక మడుల పక్కనున్న బయలులో చుక్కలు పొడిచేదాకా ఆడుకునేవారు. ఓబుళమ్మ మాత్రం రోజూ గడపలో నిలబడి పిలిచేది. ఆ పిలుపును అందుకునే గడప మరొకటి ఉండేది కాదు.

ఒకానొక చైత్రమాసపు సాయంకాలం ఆమె మడికి నీరు కట్టి తిరిగి వస్తుండగా, తుంగ అంచున ఏదో కదిలింది. పండుగడ్డి రంగు వీపు, దాని వెనుక నేలకు ఆనీ ఆనకుండా సాగుతున్న పొడవైన తోక ఆమె కంటబడ్డాయి. రెప్ప వేసి తెరిచేలోగా తుంగ మూసుకుపోయింది. ఆమె ఎలుగెత్తి కేక వేసింది. చుట్టుపక్కల మడులలోనివారు పలుగులూ పారలూ పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. ఆ సందడిలో నీటికట్లు తెగి, చేతికందవలసిన ఉప్పు ఆ పూట కరిగిపోయింది.

ఆ గ్రామానికి ఒక కట్టుబాటు ఉండేది: ఎండాకాలంలో వట్టి కేక వేసి పని ఆపినవారు ఊరు విడిచి ఏరు దాటిపోవాలి. అందువల్ల మరునాడు ఉదయమే, గ్రామపెద్ద మాలకొండారెడ్డి వచ్చి అడుగుజాడలు చూసి నిజం తేల్చాలని ఊరివారు నిశ్చయించారు. అయితే ఉప్పుమడిని ప్రతి ఉదయం కాళ్ళతో తొక్కి చదును చేయాలి. తొక్కని మడి ఉప్పును మింగుతుందని వాళ్ళ నమ్మకం. జాడ చూడవచ్చిన జనం తడిమట్టిలో నిలబడి పులి సంగతే మాట్లాడుకుంటూ, పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ఉన్న అలవాటు చొప్పున, ఎవరికీ తెలియకుండానే అడుగులో అడుగు వేస్తూ తొక్కసాగారు. వద్దు వద్దని ఓబుళమ్మ మొత్తుకుంటే, "ఉండమ్మే, చూస్తన్నాం గదా" అంటూనే తొక్కారు. మాలకొండారెడ్డి వచ్చేసరికి మడి జాడ ఒక్కటీ లేకుండా అద్దంలా ఉంది.

"ఏందమ్మే ఓబుళమ్మా, ఈ ఉప్పుపర్రలో గుక్కెడు మంచినీళ్ళు దొరక్క మనమే అల్లాడతన్నాం. పులి ఏం తాగి బతుకుద్ది?" అన్నాడు ఆయన.

"పులంటే ఆయమ్మకు పుట్టింటోళ్ళు గదా, బిడ్డల్ని చూసి పోదామని వచ్చుంటారులే రెడ్డీ" అని వెనుకనుండి ఎవరో అనగా అందరూ నవ్వారు. ఓబుళమ్మ పెద్దకూతురు బయమ్మ తలవంచుకొని తల్లి కొంగు వదిలి దూరంగా జరిగింది. ఆ నవ్వు కంటే బిడ్డ వదిలిన కొంగు ఆమెకు ఎక్కువ బరువనిపించింది.

అంతలో కల్లుగీసే రమణయ్య ముందుకు వచ్చి, తాను తాటిచెట్టు మీదనుండి ఆ మృగాన్ని చూశానని, దాని తల నీళ్ళకాగంత ఉందని, తనను చూసి పళ్ళు కొరికిందని చెప్పాడు. జనంలో నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క సాక్ష్యానికి తలూపితే ఓబుళమ్మ ఊళ్ళో ఉండిపోవచ్చు.

"అన్నా, నాకు తల కనపడలేదు. నేను చూసిన పొద్దుకి నువ్వు ఊరవతల తోపులో ఉండావు" అన్నదామె.

రమణయ్య ముఖం మాడిపోయింది. "నీ కోసరం చెప్పబోతే నన్నే అబద్ధాలకోరును చేస్తివే" అని విసురుగా వెళ్ళిపోయాడు.

పొరుగింటి చెంగమ్మ ఆమెను పక్కకు లాగి, "చారలు చూసినానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయిందే? ఇద్దరు ఆడబిడ్డలతో ఏరు దాటి ఏం తింటావు?" అని గదమాయించింది.

"చూడంది చూసినానంటే, రేపు నిజంగా అది వచ్చి నేను పరుగెత్తండే అంటే, నా ఏ మాటకు పరుగెత్తాలో నా బిడ్డలకు ఎట్లా తెలుస్తాదక్కా" అని ఓబుళమ్మ బదులు చెప్పింది. తరువాత సభకు ఎదురుగా నిలిచి, "వీపు చూసినాను, తోక చూసినాను. ముఖం చూడలేదు. మా కొండలో అయితే అది పెద్దపులి అందును. ఇక్కడ ఏమనాలో నాకు తెలీదు" అని ప్రమాణం చేసింది. సగం సాక్ష్యం సాక్ష్యం కాదని పెద్దలు తీర్పు చెప్పారు.

ఆమె ఏటికి ఆవలి దిబ్బమీద తాటాకు గుడిసె వేసుకొని, పీతలు పట్టి, దొరికిన ఆకు వండి బిడ్డలను సాకింది. తాను పలికిన నిజానికి బిడ్డలెందుకు పస్తుండాలి, ఒకవేళ తన కళ్ళే మోసపోయాయేమో అని ఎన్నోసార్లు తనను తానే నిలదీసుకునేది. ఎన్నిసార్లు తలచుకున్నా ఆ వీపూ ఆ తోకా మారలేదు, ముఖం కనిపించలేదు. అయితే ఊరి పిల్లలు బయలులో ఆడుతున్నారనే సంగతిని మరచిపోవడం ఆమె వల్ల కాలేదు. అందుచేత ప్రతి సంధ్యవేళా దిబ్బ కొసన నిలబడి, "అమ్మల్లారా, బిడ్డల్ని పిలుచుకోండి" అని కేక వేసేది. గాలి ఆ కేకను ఏరు దాటించేది. ఆడవాళ్ళు మొదట నవ్వారు, పిదప విసుక్కున్నారు, ఆ తరువాత పొయ్యి మీద కూర మాడకుండా చూసుకున్నంత మామూలుగా బిడ్డలను లోపలికి పిలుచుకోసాగారు. చీకటి పడేసరికి బయలు ఖాళీ అయ్యేది. దిబ్బకు మాత్రం బదులు పలికినవారు లేరు.

వానలు పడ్డాయి. ఉప్పు పని ఆ ఏటికి ముగిసింది; మడులను తొక్కేవారు లేరు, బయలు దాటి ఆ వైపు పోయేవారూ లేరు. అలా ఉండగా ఒక సంధ్యవేళ దిబ్బమీద నుండి కేక రాలేదు. గడపలలో నిలిచిన తల్లులు చాలాసేపు చెవి ఒగ్గి విన్నారు. చెంగమ్మ మాలకొండారెడ్డి ఇంటికి పోయి, "మామా, ఆ పిల్ల ఈపొద్దు పిలవలేదు" అని చెప్పి, అరుగుమీద కూలబడింది.

తెల్లవారుతూనే ఆయన ఊరివారితో ఏటివైపు బయలుదేరి, మడుల గట్టుమీద ఆగిపోయాడు. ఎవరూ తొక్కని ఆ మెత్తని మట్టిలో పళ్ళెమంతేసి పాదముద్రలు, పాతవాటి మీద కొత్తవి, తుంగలోనుండి వెలువడి తిన్నగా పిల్లలాడే బయలు అంచుదాకా వచ్చి, అక్కడి మట్టిలో చుట్టూ తిరిగి, వచ్చిన దారినే మరలిపోయాయి. ఆ మృగం చీకటివేళ వచ్చినప్పుడల్లా ఓబుళమ్మ కేకవల్లనే బయలు ఖాళీగా ఉందని అందరికీ అర్థమైంది. రమణయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వారు ఏరు దాటి దిబ్బ ఎక్కగా గుడిసె ఖాళీగా ఉంది. పొయ్యి చల్లారింది, కుండ కడిగి బోర్లించి ఉంది. ఇసుకలో ఒక స్త్రీ అడుగులు, వాటికి అటూ ఇటూ చిన్న అడుగులు పడమటిదిక్కుగా పోయాయి. వాటి పక్కనే పెద్ద పాదముద్రలు సాగాయి. నెత్తురు చుక్కగాని, చిరిగిన గుడ్డపేలికగాని ఎక్కడా లేదు. పులి రూపాన వచ్చిన అమ్మవారు ఆమెకు తోడుగా నడిచి కొండ చేర్చిందని కొందరంటారు. ఓబుళమ్మే ఆ తల్లి అని మరికొందరంటారు. ఎవరూ చూడలేదు గనుక ఈ కథ చెప్పేవారు అంతకు మించి చెప్పరు.

మాలకొండారెడ్డి దిబ్బమీద గుడి కట్టించి, శిల్పిని రప్పించాడు. పులి ముఖం ఎలా ఉండాలని శిల్పి అడిగితే, "ఆయమ్మ చూడని దాన్ని మనం చెక్కగూడదు" అన్నాడు. అందువల్ల నేటికీ ఆ గుడిలోని రాతిపలకపై, తుంగలోకి మరలిపోతున్న ఒక వీపు, ఒక తోక మాత్రమే కనిపిస్తాయి. పసుపూ కుంకుమా ఆ వీపుకే పెడతారు.

తొలివాన పడిన తరువాత వచ్చే శుక్రవారం అక్కడ జాతర జరుగుతుంది. ఆనాటి సంధ్యవేళ, తాను చూసినది ఎవరూ నమ్మలేదని బాధపడేవారు ఎవరైనా సరే, ఏ ఊరివారైనా సరే, ఆ రాతిముందు నిలిచి తాము చూసినంత మట్టుకు చెప్పుకోవచ్చు. చుట్టూ నిలిచినవారు నమ్మామని అనరు, నమ్మలేదని అనరు. ఒక్క గొంతుతో "విన్నాం తల్లీ" అంటారు. వేసవి పొడుగునా ఏటికి ఆవల నిలబడి పిలిచిన ఓబుళమ్మకు ఆ ఊరు ఇవ్వలేకపోయిన మాట అది.