తలుపు మూసిన అమ్మ

అనగనగా, ఊళ్ళన్నిటికీ అవతల, వెదుళ్ళు పెరిగే ఒక కొండ. ఆ కొండ మీద ఒక కొండముచ్చు. దానికి తొలిచూలు పిల్ల. కొమ్మలు దూకినా ఆ పిల్ల పొట్టకి కరుచుకునే ఉండేది, నిద్రపోయినా కరుచుకునే ఉండేది.

పక్కనే ఎండిన వెదురుబొంగులో ఒక నల్ల తుమ్మెద. తోడెవరూ లేరు. ఒక్కతే బొంగు తొలిచింది. పుప్పొడి తెచ్చి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెట్టి, వెదురు పొట్టుతో గోడ కట్టేసింది. ఆ తర్వాత ఇంకో గది. ఆ తర్వాత ఇంకోటి.

అప్పుడు కొండముచ్చు అడిగింది.

“ఏమ్మా, పిల్లలకి పాలెప్పుడిస్తావు?”

“పాలు లేవక్కా. ముద్ద పెట్టాను.”

“ఒళ్ళో ఎప్పుడు పడుకోబెట్టుకుంటావు?”

“నాకు ఒళ్ళెక్కడిది?”

“పోనీ, మొహమైనా చూస్తావా? సరదాకి కన్నావా ఏమిటి?”

తుమ్మెద రెక్కలు దులుపుకుంది. “వాళ్ళు బయటికొచ్చేసరికి నేనుండనక్కా,” అంది. పూల దగ్గరికి వెళ్ళిపోయింది.

తలుపేసి పోయిందా అంటున్నావు కదూ. కొండముచ్చూ అదే అనుకుంది తల్లీ.

చీకట్లో పసివాళ్ళు, ఊపిరాడుతుందో లేదో అని దాని మనసు ఆగలేదు. చెడ్డది కాదు, జాలిపడింది. బొంగుని రాతికేసి కొట్టింది. మొదటి గది పగిలింది. లోపల తెల్లగా, మెత్తగా, కళ్ళయినా రాని పిల్ల. రొమ్ముకి ఆనించుకుంది. అది కదల్లేదు. అప్పుడు, ఇదైనా బతకాలని, రెండో గది గోరుతో గీకింది. ఆ పిల్ల కూడా ఎండకి వాడిపోయింది. మూడో గోడ మీద చెయ్యి వేసేసరికి తుమ్మెద వచ్చింది.

అరవలేదు, కుట్టలేదు. “ఎందుకు తీశావక్కా?” అంది.

“ఊపిరాడదేమో అనుకున్నా. మళ్ళీ కట్టుకో చెల్లీ, పొట్టు నేను తెచ్చిపెడతాను.”

“నా రెక్కలు చూడు.”

అంచులన్నీ చిరిగిపోయి ఉన్నాయి. ఆ రెక్కలతోనే మూడో గోడకి ఇంత పొట్టు మెత్తి ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత గాలొస్తే కొండముచ్చు బొంగుని పట్టుకుంది. వానొస్తే ఆకులు కప్పింది. తన మంద ఆటకొస్తే పళ్ళు చూపించి తరిమింది. లోపల పిల్ల ఉందో పోయిందో తెలీదు. తెరిచి చూద్దామని ఎన్నిసార్లు చెయ్యి పోయిందో. చూడలేదు.

ఒక పొద్దున గోడ లోపల్నుంచే రాలింది. కొత్త తుమ్మెద బయటికొచ్చింది. ఎండలో రెక్కలు నీలంగా మెరిశాయి.

“మీ అమ్మ...” అంది కొండముచ్చు.

తుమ్మెదకి ఆ మాట తెలీదు. పూల వైపు ఎగిరిపోయింది.

అప్పుడు కొండముచ్చు ఖాళీ గదిలోకి తొంగి చూసింది. అమ్మ పెట్టిన ముద్దలో ఒక్క పలుకు కూడా మిగల్లేదు.

కథేమో కంచి దారి పట్టె,
కన్నేమో నిద్ర దారి పట్టె.